విమానానికి కనపడని ఊరు

మొన్న ఆదివారం పేపర్లో నెల్లూరు తీరం బొమ్మ ఒకటి వేశారు. ఉపగ్రహం తీసిందట. సముద్రం నల్లగా ఉంది, వరికయ్యలు ఎర్రగా ఉన్నాయి. పచ్చటి పైరు ఎర్రగా ఎందుకుంటుందో వాళ్ళకే తెలియాలి. ఇక మీదట ఎక్కడ పంట ఎండినా, ఎక్కడ చిత్తడినేల ఇంకినా పైనుంచే తెలిసిపోతుందని, ఆ కంటికి ఏదీ దాగదని కింద రాశారు.

దాగదట! చదివి గట్టిగా నవ్వేశాను. తాగుతున్న టీ కాస్తా కొరబోయి, దగ్గు తెర ఆగక, మా చెల్లెలు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి నా నెత్తిన తట్టింది. "ఏమైందక్కా, అంత నవ్వేముంది పేపర్లో?" అంది. ఏం చెప్పను దానికి? ఊరికి ఊరినే ఆకాశానికి కనపడకుండా దాచేసిన మనిషి ఒకాయన నాకు తెలుసు అని చెబితే, ఈ ముసలిదానికి మతి పోయిందనుకుంటుంది.

ఆయన పేరు రాయను. ఆ ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. అందరికీ పెద్దకాపు. మా తీరాన చేపలు పట్టుకుని బతికే పల్లెల్లో ఊరికి పెద్దగా ఉండే మనిషిని అట్లాగే అంటారు. తగువు తీర్చేదీ ఆయనే, ఈ రోజు వేటకి పోవచ్చో కూడదో చెప్పేదీ ఆయనే. ఆయన దురాయి వేశాడంటే, అంటే ఫలానా పని ఎవరూ చెయ్యకూడదని తప్పెట కొట్టించి ఆన పెట్టాడంటే, కలెక్టరు దిగివచ్చి బతిమాలినా ఆ ఊళ్ళో ఒక్కడు ఆ పని చెయ్యడు.

మనిషి పొట్టి. చెవులకి పోగులు. నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. కుడిచెయ్యి మాత్రం ఎప్పుడూ కండువా కింద ఉండేది. చేపల బేరం గుడ్డ చాటున వేళ్ళు పట్టుకుని చేసుకునే కాలం అది. బేరం లేనప్పుడు కూడా ఆయన చెయ్యి బయటికి వచ్చేది కాదు. అధికారి ఎవరైనా ఎదురుగా నిలబడితే ఆ కండువా కింద వేళ్ళు కదిలేవి. కండువా కదిలిందంటే పెద్దకాపు అబద్ధం చెబుతున్నాడని నేను కొద్దిరోజులకే కనిపెట్టాను. నిజం చెప్పేటప్పుడు ఆ చెయ్యి ఏం చేస్తుందో తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

మొదటిసారి ఆయన్ని చూసిన రోజు చెబుతాను. మాది బిట్రగుంట. మా నాన్న రైల్వే కాలనీలో యూనిఫాంలు కుట్టే దర్జీ. నాకు ఉద్యోగం వచ్చిందని మిగిలిన ఖాకీ ముక్కలన్నీ కలిపి సంచి కుట్టిచ్చాడు. ఆ సంచి భుజాన వేసుకుని, జువ్వలదిన్నె అవతల ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ, ఎండకి మాడిపోయి ఆ పల్లె చేరాను. అరవైలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. ఊరి మొదట్లో గుడిసె ముందు, ఆరేసిన వల పక్కన ఈయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వీధిలో ఇంకో పురుగు లేదు.

"ఎవురు తల్లీ?" అన్నాడు, చూపంతా నా సంచి మీదే పెట్టి.

"పంతులమ్మని. ఈ ఊరి బడికి వేశారు."

"బడా? ఈ ఊళ్ళో పిల్లకాయలు లేరే!"

"ఒక్కరూ లేరా?"

"ఉంటే చెప్పనా? ఉండేదంతా ముసిలోళ్ళమే తల్లీ." కండువా కదిలింది.

ఆయన వెనకాల ఒక పెద్ద దోనె బోర్లించి ఉంది. అందులోంచి హాచ్ అని తుమ్ము వినపడింది. వెంటనే ఎవరో నోరు మూసినట్టు కుయ్ మని ఇంకో చప్పుడు.

"మరి అదేంది?" అన్నాను.

రెప్ప వేస్తే ఒట్టు. "పీతలమ్మా" అన్నాడు.

"పీతలు తుమ్ముతాయా?"

"మా ఊరి పీతలు తుమ్ముతాయి."

నాకు చిర్రెత్తుకొచ్చి సంచి ఇసకలో బోర్లించాను. పలకలు, సుద్దముక్కలు, రెండు చీరలు, మా అమ్మ కట్టిచ్చిన రొట్టెలు పడ్డాయి. ఖాకీ సంచిలోంచి రొట్టెలు పడటం చూసి ఆయన ముందు తెల్లబోయాడు. తరవాత కళ్ళు మూసుకుపోయేలా నవ్వాడు. లేచి భుజం ఆనించి దోనె అంచు ఎత్తాడు. దాని కింద నుంచి పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు, ఒళ్ళంతా ఇసక. ఆ పిల్లలకే నేను చాలా ఏళ్ళు చదువు చెప్పాను. వాళ్ళందరికీ నేను సాయిబుల పంతులమ్మని.

ఖాకీ అంటే ఆయనకి అంత భయం. భయం అంటే కోప్పడేవాడు, జాగ్రత్త అనేవాడు. "కనపడితేనే గదమ్మా కష్టం" అనేది ఆయన మాట. పొద్దున లేస్తే ఏదో ఒక సందర్భంలో ఆ మాట అనకుండా ఉండడు. జనాభా లెక్కలవాళ్ళు వస్తే సగం ఊరు సముద్రం మీద ఉండేది. టీకాలవాళ్ళు వస్తే పిల్లలు సరుగుడు తోటల్లో ఉండేవాళ్ళు. టీకాల విషయంలో మాత్రం నేను ఊరుకోలేదు. వీధిలో నిలబడి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తలవంచుకుని విన్నాడు, పిల్లల్ని పిలిపించాడు, సూది పడుతుంటే తను మొహం తిప్పుకున్నాడు.

ఒకసారి నేనే అడిగాను, ఎందుకింత దాపరికం అని. అప్పుడు చెప్పాడు. "తెల్లదొరల నాడు ఈ పర్రలో ఉప్పు దానంతటది పేరేది పంతులమ్మా. పిడికెడు గీరుకున్నాడని మా నాయన్ని పట్టపగలు ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టినారు. నేను చూసినా. మా నాయన తప్పేంది? ఉప్పు గీరుకోవడమా? కాదు. వాళ్ళకి కనపడ్డం." 

ఇంతా దాచింది దేన్నని అడిగితే, ఏటిని. ఊరి వెనకాల పర్ర, అంటే ఆటుపోట్లకి నీళ్ళెక్కి దిగే ఉప్పునేల. దాని మధ్య నుంచి వంకర తిరుగుతూ సముద్రంలో కలిసే ఉప్పుటేరు. ఏటి పొడుగునా గుంజలు పాతి వలలు కట్టేవాళ్ళు. సముద్రం మొండికేసినన్నాళ్ళూ ఆ ఏటిలో రొయ్యే అన్నం పెట్టేది. దానికి పట్టా లేదు, కాగితం లేదు. పెద్దకాపు కుండ ఉంది, అంతే. ప్రతి అమావాస్యకీ ఆ కుండలో గవ్వలు వేసేవాళ్ళు. ఇంటికొక గవ్వ, గవ్వకొక గీత గుర్తు. ఎవరి గవ్వ ముందు వస్తే వాళ్ళకి రొయ్య బాగా పడే చోటు. మొగుడు పోయిన ఆడమనిషి గవ్వ కూడా అందరితో పాటు కుండలో ఉండాల్సిందే. పెద్దకాపు తన గవ్వ మాత్రం కుండలో వేసేవాడు కాదు. అందరికీ అయిపోయాక మిగిలిన చోటు ఆయనది. అధికార్లకి నోరు తెరిస్తే అబద్ధం చెప్పే మనిషి, ఆ కుండ దగ్గర ఒక్కనాడు తప్పు చేశాడని నేను వినలేదు.

ఇట్లా ఉండగా ఒకనాడు ఫోటో ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, మద్రాసులో చదివినవాడు, తెల్లచొక్కా నలగని మనిషి. విమానం తీసిన ఫోటోలు చూసి నేలని చదవడం ఆయన పని. కొడవలూరు వైపు వరికయ్యల నుంచి సముద్రం దాకా ఎక్కడ పంట పండుతోంది, ఎక్కడ చిత్తడి, ఏ నేల ఉత్తినే పడి ఉంది, ఇవన్నీ తేల్చి మ్యాపు గీస్తాడట. ఊళ్ళో పక్కా కట్టడం బడి ఒక్కటే కాబట్టి బడి వరండాలోనే దిగాడు. ఆయన వెంట వచ్చిన ఖాకీ చొక్కాల లస్కర్లు ఇద్దరు బడి పక్కన ఇసకలో రాళ్ళు పేర్చి, ఇంటూ గుర్తులాగా చేసి, సున్నం కొట్టారు. విమానానికి అది గుర్తట.

ఊరంతా మూగింది. బాంబు వేసేది ఇక్కడేనా అని ఒకామె ఏడుపు మొదలెట్టింది. ఆఫీసరు నవ్వి, అందర్నీ కూర్చోబెట్టి, ఓపిగ్గా చెప్పాడు. "భయం లేదు. ఇది పంటల కోసం. పైనుంచి చూస్తే వరి ఏదో, సజ్జ ఏదో నేను చెప్పేస్తాను. నీళ్ళున్న నేల ఒక రంగు, ఎండిన నేల ఒక రంగు. మీరు ఇసకలో ఆరేసుకున్న వల కూడా నాకు తెలిసిపోతుంది."

"దోనెలు గూడా కనపడతాయా సామీ?" అన్నాడు పెద్దకాపు, వెనక నుంచి.

"ఎందుకు కనపడవు? ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు!"

చదువుకున్న పిల్లవాడు, తన విద్య గురించి గొప్పగా చెప్పుకోవాలనుకున్నాడు. అంతే. కానీ నేను చూస్తుండగానే పెద్దకాపు భుజాన కండువా గబగబా కదిలింది.

విమానం ఎల్లుండి వస్తుందని చెప్పి, ఏటి వైపు తొంగి చూడకుండానే ఆఫీసరు ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పెద్దకాపు నేనుండే ఇంటి అరుగు మీదికి వచ్చాడు. "దోనెకింత, గుంజకింత అని పన్నేస్తారమ్మా. నాకు తెలీదా?" అన్నాడు.

"పంటలు చూడ్డానికని చెప్పాడు కదా!"

"పంటలు చూసేదానికి పంటల మీద ఎగరాల. మన మీద ఎగరడం ఎందుకు? మనం ఏం పండిస్తాండాం?"

"దాస్తే ఏమొస్తుంది పెద్దకాపూ? ఉన్నదేదో ఉన్నట్టు కనపడనీ."

"నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలీదు గమ్మునుండు" అని లేచిపోయాడు. చదువుకున్నదానివి కాబట్టి తెలీదు అన్న ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. మండితే మాత్రం ఏం చేస్తాను, తప్పెట అప్పటికే మోగుతోంది.

ఆ దురాయి ఎట్లా జరిగిందో నా కళ్ళతో చూశాను కాబట్టి నమ్ముతున్నాను. ఇంకెవరైనా చెబితే నమ్మను. ఏటిలో గుంజలన్నీ పెరికేశారు. దోనెల్ని నీళ్ళతో నింపి, బురద వేసి, ఏటి అడుగుకి ముంచేశారు. ఎండకి పగలకుండా దోనెని ముంచి పెట్టడం వాళ్ళకి ఎటూ అలవాటే. సముద్రం మీదికి పోయే తెప్పల కట్లు విప్పి, దుంగలు తాటిచెట్ల కింద పడేసి, పైన మట్టలు కప్పారు. వలలన్నీ గుడిసెల్లోకి పోయాయి. ఆడవాళ్ళు ఈత చీపుర్లతో ఇసక మీద అడుగుల జాడలు ఊడ్చేశారు. అడుగులు కూడా కనపడతాయేమో, ఎవరికి తెలుసు! పిల్లల్ని బడిలో కూర్చోబెట్టి తలుపు వెయ్యమన్నారు. వేశాను. పెద్దకాపు బడి గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాడు.

విమానం చప్పుడు వినపడే వేళకి ఊళ్ళో ఒక్కతే కనపడుతోంది. ఆయన అక్క. పెద్దావిడ, చెవులు సరిగా వినపడవు. రోజూ ఎండబోసినట్టే ఆ రోజూ పర్ర అంచున ఎండుచేపలకని నెత్తళ్ళు పరిచి వచ్చింది. తెల్లటి దుప్పటి పరిచినట్టు మిలమిలా మెరుస్తున్నాయి. పెద్దకాపు నెత్తి కొట్టుకున్నాడు. "ఓయక్కా! ఎత్తెయ్ అక్కా!" అని అరిచాడు. ఆవిడ చెయ్యి ఊపి గుడిసెలోకి పోయింది. ఇంకేం చేస్తాడు? బయటికి పోతే తను కనపడతాడు. విమానం దుక్కి దున్నినట్టు అటూ ఇటూ తిరిగి పోయింది.

ఆ రోజు ఊళ్ళో పండగ చేసుకున్నారు. కల్లు తాగారు, పాటలు పాడారు. పెద్దకాపు నా దగ్గరికొచ్చి, చిన్నపిల్లాడిలా గంతులేస్తూ, "అంత పెద్ద విమానానికి టోపీ పెట్టినాం పంతులమ్మా!" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఎందుకు రాదు? అంత సంబరం ఆ మొహంలో అంతకుముందు చూడలేదు.

కొన్ని నెలలకి ఆఫీసరు జీపులో ఫోటోలు తెచ్చుకుని మళ్ళీ వచ్చాడు. మ్యాపు కూడా తెచ్చాడు. నా బల్ల మీద పరిచి చూపించాడు, మురిసిపోతూ. వరికయ్యలన్నీ పచ్చరంగు, సరుగుడు తోటలు ముదురు పచ్చ. మా పర్ర, మా ఏరు మాత్రం ఉత్త పసుపు. వాడుకలో లేని ఉప్పునేల అని దాని మీద రాసి ఉంది. ఏటి ముఖానికి అడ్డంగా కట్ట వేసి, ఈ నేలంతా ఉప్పు పండించే కొటార్లకి ఇస్తారని తనే చెప్పాడు. చుట్టుపక్కల వాళ్ళకి కూలి దొరుకుతుందని కూడా చెప్పాడు.

"వాడుకలో లేదని ఎట్లా రాశారు?" అన్నాను.

"ఫోటోలో ఏమీ లేదు కదండీ. ఒక్క పడవ లేదు, ఒక్క వల లేదు."

"కిటికీలోంచి చూడండి! ఆ గుంజలు కనపడటం లేదా మీకు? ఆ దోనెలు?"

చూశాడు. చూసి మొహం ముడుచుకున్నాడు. "ఫోటో తీసిన రోజు ఇవి లేవు. పథకం సంగతి ఎవరో వీళ్ళకి ముందే చెప్పుంటారు. నేల తమదని చూపించుకోవడానికి కొత్తగా పాతారు."

నేను గొంతు చించుకుని చెప్పాను, అవి తాతలనాటివని, ఆ రోజు పెరికి దాచారని, నేను చూశానని. "టీచరుగారూ, మీరు వాళ్ళ మధ్య బతకాలి. మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది" అన్నాడు నెమ్మదిగా. కొట్టినా అంత కోపం వచ్చేది కాదు.

పెద్దకాపుని పిలిపించాడు. ఊరంతా వెంట వచ్చి కిటికీల దగ్గర నిలబడింది. ఏరు మాది సామీ, మా తాతల్నాటిది అని పెద్దకాపు మొదలుపెట్టగానే, ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టి, నాలుగు కాళ్ళ చిన్న అద్దాల బల్లలాంటి దాన్ని ఆయన ముందుకు జరిపాడు. దాని కింద ఫోటోలు రెండు పక్కపక్కన పెట్టాడు. "మీరే చూడండి" అన్నాడు.

పెద్దకాపు వంగి చూశాడు.  తరవాత ఎడమచెయ్యి చాచి, ఆ కాగితం మీద దేన్నో ముట్టుకోబోయాడు. "అబ్బ! మా ఊరే! తాటిచెట్లు లేచి నిలబడుండాయే!" అన్నాడు. ఆ అద్దాల్లో చూస్తే అంతే, చెట్లు లేచి నిలబడతాయి, ఇళ్ళు పైకి వస్తాయి. ఏటి వెంట కళ్ళు నడిపించాడు. మొదటి మలుపు, రెండో మలుపు, ముఖద్వారం. "ఒక్క దోనె కనపళ్ళా... ఒక్క గుంజ కనపళ్ళా..." అంటూ తలెత్తి నా వైపు చూసి కళ్ళు మూసుకుపోయేలా నవ్వాడు. "ఎంత బాగా దాచినాం పంతులమ్మా!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకి అర్థమైంది. ఆ మొహం నేను చూడకుండా ఉంటే బాగుండేది.

నిదానంగా కండువా తీసి పక్కన పెట్టాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన కుడిచెయ్యి చూశాను. అందరి చెయ్యిలాంటిదే. వలతాళ్ళకి కాయలు కాసిన చెయ్యి. దాన్ని తెరిచి బల్ల మీద పెట్టాడు. "దాచినాం సామీ. నేనే దాయించినా. పన్నేస్తారని దురాయి వేసినా. తప్పు నాది. ఊరిది కాదు" అన్నాడు.

"ఊరు మొత్తం దాక్కుందా?"

"మొత్తం."

"ఒక్కడు కూడా మీ మాట మీరలేదా?"

"నా దురాయి దాటరు సామీ."

ఆఫీసరు జాలిగా నవ్వాడు. "పెద్దాయనా, ప్రతి ఊళ్ళో ఏదో ఒక కథ చెప్తారు. ఇట్లాంటిది మాత్రం ఇప్పుడే వింటున్నా." జీవితమంతా అబద్ధాలు చెప్పి నెగ్గుకొచ్చిన మనిషి, ఒక్క నిజం చెబితే దానికి దక్కిన మర్యాద అది.

పెద్దకాపు మళ్ళీ అద్దాల మీదికి వంగాడు. ఈసారి నీళ్ళలో పోయిన ఉంగరం వెతుక్కునేవాడిలా వెతికాడు. ఒక్కసారిగా ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అదిగో! సామీ, అదిగో తెల్లగా! మా అక్క నెత్తళ్ళు అయ్యి! మేం ఈడ చేపలోళ్ళమే అనేదానికి ఇంకేం కావాల?"

ఆఫీసరు చూశాడు. "అది ఉప్పు. నేల మీద పేరింది. అసలు ఈ నేల ఉప్పుకొటార్లకి పనికొస్తుందని నాకు తెలిసింది దాన్ని చూసే" అన్నాడు.

"కాదు సామీ, నెత్తళ్ళు! మా అక్కనే అడగండి!"

ఆవిడని పిలుచుకొచ్చారు. ముసలావిడ గుమ్మంలో నిలబడి తెల్లచొక్కాని చూసింది, వెనక ఖాకీ లస్కర్లని చూసింది. పెద్దకాపు ఆవిడ చెవిలో గట్టిగా అరిచాడు. "అక్కా! విమానం వచ్చిన్నాడు పర్ర మీద నువ్వు ఏం ఎండేసినావో ఈ సామికి చెప్పు!"

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. ఖాకీ ముందు ఏం చెప్పాలో ఆవిడకి చిన్నప్పటి నుంచీ నేర్పింది ఎవరు? పమిట సర్దుకుని, తడుముకోకుండా చెప్పింది. "నేనేం ఎండేయలా సామీ. మాకు చేపలు యాడివి?"

"అక్కా! నిజం చెప్పక్కా!"

"నిజమే సామీ. మేం చేపల మొహం చూసి ఎన్నాళ్ళైందో." చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు తమ్ముడి వైపు చూసి చిన్నగా తలాడించింది.   పెద్దకాపు ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపి ఇంటికి తీసుకుపోయాడు. కండువా నా బల్ల మీదే ఉండిపోయింది.

ఆ ఆఫీసరు చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పోతూ పోతూ పిల్లలకి బిస్కత్తులు పంచిపెట్టాడు. లంచం తీసుకోలేదు, ఎవరి మీదా అరవలేదు. కానీ కిటికీ అవతల మనుషులు ఊపిరి పీల్చుకుంటూ నిలబడి ఉంటే, కాగితంలో వాళ్ళు లేరని చెప్పి జీపెక్కి పోయాడు. ఆ మనిషి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారకూడదు కూడా.

తరవాత విచారణ అన్నారు. పెద్దకాపు మనుషుల్ని వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎక్కడికి పోయినా బల్ల మీద అవే ఫోటోలు. ఏటి ముఖాన కట్ట పడింది. పోటు నీళ్ళు రావడం ఆగిపోయింది, రొయ్య పోయింది. కొన్ని కుటుంబాలు వేరే రేవులకి పోయాయి. మిగిలినవాళ్ళు తమ ఏటిలోనే, కొటార్లలో ఉప్పు మోసే కూలీలయ్యారు. పిడికెడు గీరుకున్నందుకు తండ్రిని మోకాళ్ళ మీద నిలబెట్టిన చోటే కొడుకు ఊరి జనం గంపలతో ఉప్పెత్తారు. ఆయన మాత్రం ఆ కట్ట దాటి ఒక్కరోజు పోలేదు.

కండువా నేనే తీసుకుపోయి ఇచ్చాను. భుజాన వేసుకున్నాడు కానీ చెయ్యి మళ్ళీ దాని కిందికి పోలేదు.

ఆ తరవాత ఆయన చేసిన పని చూసి ఊళ్ళో ముందు నవ్వారు, తరవాత విసుక్కున్నారు. మిగిలిన దోనెలన్నీ ఇసకలోకి లాగి వరసగా పెట్టించాడు. పాత వలలన్నీ ఎప్పుడూ ఎండలో పరిచే ఉంచేవాడు. అవి చివికిపోతుంటే ఆడవాళ్ళు తిట్టేవాళ్ళు. విమానం మళ్ళీ వస్తుందని, ఈసారి అన్నీ కనపడాలని ఆయన పంతం. బడి పక్కన ఆ ఇంటూ గుర్తు ఉంది కదా, వానకి సున్నం కొట్టుకుపోతే తనే మళ్ళీ వేసేవాడు. సున్నానికి గుల్ల కాల్చేవాడు. ఒక ఏడు గుల్ల చాలక కుండలో గవ్వలు కూడా అందులో పోశాడు. చీటీల్లాగా తీసే పని ఇక లేదు కదా వాటితో.

ఎప్పుడైనా మద్రాసు వైపు పోయే విమానం చప్పుడు వినపడితే, తింటున్నవాడు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చేవాడు. ఆ సున్నం రాళ్ళ మధ్యలో నిలబడి, కండువా చేతపట్టి తలపైన తిప్పేవాడు. "సామీ! ఉండాం సామీ! ఈడే ఉండాం! చూడండి సామీ!" పిల్లలు పాఠం ఆపి కిటికీలోంచి చూసేవాళ్ళు. నేను వాళ్ళని కసురుకుని నల్లబల్ల వైపు తిరిగేదాన్ని. నా కళ్ళు వాళ్ళకి కనపడటం నాకిష్టం లేదు.

నాకు బదిలీ అయిన కొన్నేళ్ళకి ఆయన పోయాడని తెలిసింది. ఆలస్యంగా తెలిసినా పోయి పలకరించాను. అక్క ఒక్కతే గుడిసె ముందు కూర్చుని ఉంది. చూపు కూడా మందగించింది. నా చేతులు తడిమి గుర్తుపట్టింది. చాలాసేపు ఏడ్చాక నన్ను దగ్గరికి లాక్కుని, ఎవరన్నా వింటారేమోనన్నట్టు అటూ ఇటూ తల తిప్పి, "ఆ పొద్దు ఆ సామి అడిగితే నేను సరిగ్గానే చెప్పినా గదా పంతులమ్మా? మా తమ్ముడు ఎప్పుడూ చెప్పలా, బాగా చెప్పినావని" అంది.

ఆమె చెవి దగ్గరికి వంగి, "సరిగ్గానే చెప్పావక్కా" అని అరిచాను.

పేపరు బొమ్మని భూతద్దం పెట్టి మళ్ళీ చూశాను. సముద్రపు అంచు పట్టుకుని, బిట్రగుంట ఎక్కడుంటుందో ఊహించుకుని, అక్కణ్ణించి కిందికి వచ్చాను. ఏరు ఉండాల్సిన చోట నలుచదరం మడులు ఉన్నాయి, పలకలు పేర్చినట్టు. పర్ర లేదు, దోనెలు లేవు, తాటిచెట్లు లేవు, సున్నపు గుర్తు లేదు. ఆ ఉపగ్రహం కొద్దిరోజులకొకసారి అదే దారిన వచ్చి చూసిపోతుందట. ఆయన చివరిదాకా ఎదురుచూసిన విమానం ఇప్పుడు పిలవకుండానే వస్తోంది. ఎంత వెతికినా నాకు ఆ ఊరు కనపడలేదు. ఈసారి ఎవరూ ఏమీ దాచలేదు.